గుదడీ కా లాల్: చిన్న తరగతులలో బొంత కుట్టు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగానికి వ్రాత రూపం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



కార్యదర్శి గారు మమ్మల్ని విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అది పెద్ద విషయం. మేము ఉర్దూ బడిలో చిన్న తరగతుల పంతుళ్ళము. మాకు తెలిసింది చిన్నది. అందుకని ఆ పెద్ద తానులో నుంచి ఒక చిన్న ముక్క కత్తిరించుకొని వచ్చాము. మా బడిలో మూడేళ్ళుగా బొమ్మల పీరియడులో పిల్లల చేత బొంత కుట్టిస్తున్నాము. ఆ పని ఎట్లా మొదలైంది, అందులో పిల్లలు ఏమి నేర్చుకొన్నారు, మేము ఏమి తప్పు చేశాము - ఈ మూడూ తమ ముందు మనవి చేసుకొంటాము.

ముందు ఒక మాట. తెలుగులో 'అతుకుల బొంత' అంటే తిట్టు. కుదురు లేని ప్రభుత్వం వస్తే పత్రికల వాళ్ళు అతుకుల బొంత అని వ్రాస్తారు. మన ఉర్దూలో అట్లా కాదు. పేదింట్లో ఒక బిడ్డ బుద్ధిమంతుడై పైకి వస్తే పెద్దలు 'గుదడీ కా లాల్' అంటారు. గుదడీ అంటే బొంత, లాల్ అంటే కెంపు. బొంతలో దాగిన మాణిక్యమని అర్థం. వస్తువు ఒకటే. చూసే కన్నే వేరు. మేము చెప్పబోయేదంతా ఈ రెండు మాటల మధ్య ఉంది.

మన నల్లమాడ చలి తమకు తెలియనిది కాదు. పగలు ఎంత ఎండ కాసినా పుష్యమాసంలో తెల్లవారుజామున గాలి ఎముకలు కొరుకుతుంది. అట్లాంటి ఒక పొద్దున మూడో తరగతి పిల్లవాడొకడు స్వెట్టరు లేక, చిన్న బొంత కప్పుకొని బడికి వచ్చాడు. తోటి పిల్లలు "అతుకుల బొంత, అతుకుల బొంత" అని చప్పట్లు కొట్టారు. మేము కేకలేసి వాళ్ళ నోరు మూయించాము గాని, ఆ పిల్లవాడి ముఖం అప్పటికే వాడిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు వాళ్ళింటికి పోయాము. అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనికి పోయి ఉన్నారు. ఇంట్లో అవ్వ ఒక్కతే. వాళ్ళు దూదేకుల వారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బిడ్డకు దీన్ చదువు కూడా అబ్బుతుందని మా ఉర్దూ బడిలో వేసింది ఆ అవ్వ. మేము సంగతి చెప్పేసరికి ఆమె కోపపడలేదు. లోపలికి పోయి ఆ బొంత తెచ్చి మంచం మీద పరిచింది.

"చూడు అయ్యవారూ, ఇది వాళ్ళమ్మ పెండ్లినాటి చీర. ఇది వాళ్ళ తాత లుంగీ. ఈ ఎర్రముక్క వీడు పుట్టినప్పుడు నేను కుట్టిన కుళ్ళాయిది. వాళ్ళమ్మ ఊర్లో లేదని వీడు రాత్రి ఏడిస్తే, ఇదిగో మీయమ్మ ఈడుంది పండుకో అని ఈ చీర పక్కకు తిప్పి కప్పుతా. దీన్ని చూసి నవ్వినారా పిల్లోళ్ళు?" అన్నది.

మేము పదకొండు రకాల గుడ్డలు లెక్కపెట్టాము. పదకొండింటికీ పదకొండు కథలు. ఇరవై ఏళ్ళుగా పుస్తకాలు పట్టుకొని పాఠాలు చెబుతున్నాము. ఒక ఇంటి చరిత్ర ఇంత చక్కగా కుట్టిపెట్టిన పుస్తకం మాత్రం మేము చూడలేదు. "అవ్వా, నువ్వు బడికి వచ్చి ఈ పని పిల్లలకు చూపించాల" అన్నాము. "నాకు సదువు రాదు గదా" అన్నది. "మాకు కుట్టు రాదు గదా" అన్నాము. నవ్వింది. వచ్చింది.

ఇక్కడ దూదేకుల వారి గురించి రెండు మాటలు. పత్తిని విల్లు తీగతో కొట్టి మెత్తగా ఏకి పరుపులు, రజాయిలు కుట్టి ఇచ్చిన వృత్తి వారిది. తీగను చెక్క గుండుతో కొడితే వచ్చే చప్పుడు వీధి చివరికి వినబడేది. ఆ పని మరల చేతిలోకి పోయి ఏళ్ళయింది. వారిలో మన్సూరీ అని పేరు పెట్టుకొనేవారున్నారు. క్రీ.శ. 922లో బాగ్దాదులో ఉరికంబమెక్కిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరు అది. అరబీలో హల్లాజ్ అంటే దూదేకేవాడనే అర్థం. ఇంత పేరున్న వృత్తిలో పుట్టిన పిల్లవాడు బొంత కప్పుకొన్నందుకు సిగ్గుపడి బడి మానవలసి వచ్చిందంటే తప్పు బొంతది కాదు, మాది.

ఇక పని ఎట్లా చేయించామో చెబుతాము. చిన్నపిల్లల చేతికి ఒక్కసారిగా సూది ఇవ్వరాదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు గుడ్డముక్కలు మేమే కత్తిరించి ఇచ్చి, మైదా బంకతో అట్టముక్కల మీద అంటించమన్నాము. చంద్రుడు, నక్షత్రం, ఆకు, కుండ, ఇల్లు. మూడో తరగతికి గోనెసంచి ముక్క, మొన అరగదీసిన దబ్బనం, లావు దారం. గోనెలో పోగులు కంటికి కనబడతాయి కాబట్టి ఎన్ని పోగులు దాటి సూది దించాలో పిల్లవాడు లెక్కపెట్టుకోగలడు. నాలుగు, అయిదు తరగతులకే అసలు సూది. పీరియడు మొదట్లో ఎన్ని సూదులిస్తే చివర అన్ని సూదులు లెక్కకు రావాలి. లెక్క తేలనిదే ఎవరూ లేచి పోరాదు. ఈ నియమం మేము పెట్టినది కాదు, అవ్వ పెట్టినది.

పెద్ద తరగతుల వాళ్ళు గుడ్డ మీద గుడ్డ కుట్టే పని చేస్తారు. పట్నంలో దీన్ని ఆప్లిక్ వర్క్ అంటారు. ముందు కాగితం మీద ఆకు గీసి, కత్తిరించి, దాన్ని గుడ్డ మీద పెట్టి, గీతకు చుట్టూ వేలి గోరంత ఎక్కువ వదిలి గుడ్డ కత్తిరించాలి. ఆ ఎక్కువ వదిలిన అంచును లోపలికి మడిచి, పెద్ద పెద్ద టాకాలతో కింది గుడ్డకు నిలిపి, ఆ తరువాత చిన్న కుట్టుతో చుట్టూ కుట్టి, పెద్ద టాకాలు లాగేయాలి. అంచు మడవకుండా కుట్టిన ఆకు ఒక్క ఉతుకుకే పోగులు పోగులుగా లేచిపోతుంది. "తొందరపడి కుట్టినోడు రెండుసార్లు కుట్టాల" అని అవ్వ అంటుంటే పిల్లలు ఆ మాటను పాఠంలాగా వల్లె వేశారు.

బొంతకు పైన ఈ ముక్కల గుడ్డ, లోపల పాత చీర రెండు మడతలు, కింద ఒక పంచె. నేల మీద ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, చుట్టూ పిల్లలను కూర్చోబెట్టి, వేలెడు ఎడంతో వరుసగా సాదా కుట్టు. ఇంతే పని. ఖర్చు సూదులకు, దారానికి.

చదువేముంది ఇందులో అని తమలో కొందరికి అనిపించవచ్చు. మాకు జరిగిన పరాభవమే చెబుతాము. మొదటి ఏడు ముప్ఫై మంది పిల్లలకు తలా ఒక ఆరంగుళాల చదరపు ముక్క ఇచ్చాము. వరుసకు అయిదు, ఆరు వరుసలు. కాబట్టి 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు వస్తుందని నల్లబల్ల మీద వ్రాశాము. కుట్టిన తరువాత కొలిస్తే 25, 30 అంగుళాలే వచ్చింది. మేము మళ్ళీ కొలిచాము. అవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. "కుట్టుకు పోయే గుడ్డ యాడ బోతుంది అయ్యవారూ?" అన్నది. ప్రతి ముక్కకు నాలుగు పక్కలా అరంగుళం కుట్టులోకి పోయి, ఆరు అయిదైంది. ఆనాడు నాలుగో తరగతి పిల్లలు చుట్టుకొలత, వైశాల్యం నేర్చుకొన్నట్లు మా బల్ల పాఠంతో ఏనాడూ నేర్చుకోలేదు. పంతులు తప్పు చేసిన లెక్క పిల్లలకు జన్మంతా గుర్తుంటుంది.

ఇంకొక ఏడు రెండు చదరాలను ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా తిప్పిపెట్టి ఎనిమిది కోణాల నక్షత్రం కుట్టించాము. కొన్ని ముస్‌హఫ్ ప్రతులలో భాగాలకు గుర్తుగా వచ్చే నక్షత్రమే అది. చదరాన్ని ఎంత తిప్పితే ఎనిమిది మొనలూ సమంగా వస్తాయో పిల్లలే కాగితం మడిచి కనుక్కొన్నారు. సగం లంబకోణమని మేము పేరు మాత్రం చెప్పాము. మరొక బొంత మీద ఒక వరుస ఉర్దూ అక్షరాలు, ఒక వరుస తెలుగు అక్షరాలు. ఉర్దూ వరుస కుడి నుంచి, తెలుగు వరుస ఎడమ నుంచి. రెండూ మధ్యలో కలిసే చోట ఏమి పెట్టాలని తగువు వచ్చింది. చివరకు ఒక అమ్మాయి వేరుసెనగ చెట్టు కుట్టింది, కింద కాయలతో సహా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే ఈ నేలలో పుట్టిన బిడ్డకు అంతకంటే మంచి బొమ్మ తోచదు.

మగపిల్లలు మొదట మొండికేశారు. "కుట్టు ఆడోళ్ళ పని సార్" అన్నారు. బజారులో దర్జీ దుకాణాలలో ఎవరు కూర్చొని ఉన్నారో చూసి రమ్మని పంపించాము. అంతా మగవాళ్ళే! డబ్బు వచ్చే కుట్టు మగవాళ్ళ పని, డబ్బు రాని కుట్టు ఆడవాళ్ళ పని అని మనమే పంచిపెట్టాము. మన దర్జీలు హజ్రత్ ఇద్రీస్ అలైహిస్సలాం వారిని తమ వృత్తికి మూలపురుషులుగా చెప్పుకొంటారు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు తమ బట్టలు తామే కుట్టుకొనేవారని, చెప్పులు తామే బాగు చేసుకొనేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన మాట హదీసు గ్రంథాలలో ఉంది. ఖలీఫా హజ్రత్ ఉమర్ వారి అంగీ మీద అతుకులుండేవని మనం ఖుత్బాలలో వింటూనే ఉన్నాము. మసీదులో విని తల ఊపిన మాట బడిలో పిల్లవాడి బొంత చూసినప్పుడు ఎందుకు గుర్తు రాదు?

ఇది మన ఒక్క ఊరి సంగతి కూడా కాదు. పక్క రాష్ట్రం కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలనే వారున్నారు. పూర్వం ఆఫ్రికా నుంచి, ఎక్కువగా బానిసలుగా, తేబడినవారి సంతతి. వారిలో ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు కూడా ఉన్నారు. ఆ స్త్రీలు పాతగుడ్డలతో 'కవంది' అనే బొంత కుడతారు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చి ముగిస్తారు; నాలుగు మూలలా మడత పువ్వులు పెడతారు, అవి లేనిదే బొంత పూర్తి కాదంటారు. సముద్రాలకు అవతల, అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడా బానిసల సంతతివారే. చలికి తాళలేక, చిరిగిన పనిబట్టలతో అక్కడి ఆడవాళ్ళు కుట్టుకొన్న బొంతలను 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు. 2006లో ఆ దేశపు తపాలాశాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు అచ్చువేసింది. ఆ బొంతలు మన అవ్వల బొంతలకు అక్కచెల్లెళ్ళు. గోడ మీదికి ఎక్కేదాకా వాటిని చూసి నవ్వినవాళ్ళూ ఉండే ఉంటారు.

పెద్దలు ఈ మాటలన్నీ విని, "మాస్టరు గారు బాగా చేశారు" అనుకొంటున్నారేమో. ఇప్పుడు మా తప్పు చెబుతాము. అసలు ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాము.

రెండో ఏడు అయిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఆ బిడ్డ చెయ్యి అద్భుతం. కుట్టు ముత్యాలు పేర్చినట్లుండేది. ఏడాది చివర పిల్లల పని చూపించడానికి తల్లిదండ్రులను పిలిచాము. ఆమె తండ్రి వచ్చాడు. అందరి ఎదుట భుజం తట్టి, "మీ బిడ్డ చేతిలో వరముంది, ఈ చెయ్యి ఆమెకు ఏనాడూ కూడు తక్కువ చేయదు" అన్నాము. మెచ్చుకోవాలనే అన్నాము. ఆయన మా మాట నమ్మాడు. సెలవులయ్యాక ఆ అమ్మాయి ఆరో తరగతిలో చేరలేదు. ఎందుకని అడగబోతే ఆయన ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, టీ ఇచ్చి, "మీరే అన్నారు గదా సార్, చేతిలో పని ఉందని. ఇంకా దూరం బడికి బస్సులో పంపడమెందుకు? ఇంట్లోనే జాకెట్లకు హెమ్మింగు చేస్తున్నది" అన్నాడు. గడప పక్కన ఆ బిడ్డ తల వంచుకొని కుడుతున్నది. ఆ కుట్టు మేము నేర్పినదే. ఆ టీ మాకు గొంతు దిగలేదు.

నాలుగుసార్లు పోయాము. 2009 విద్యాహక్కు చట్టం గురించి చెప్పాము. 2010 ఏప్రిల్ నుంచి ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ దాకా ప్రతి బిడ్డకూ ఉచిత నిర్బంధ విద్య హక్కని చెప్పాము. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయని, ఉండి చదువుకోవచ్చని చెప్పాము. చివరిసారి అవ్వను వెంట తీసుకుపోయాము. ఆమె చట్టం మాట ఎత్తలేదు. "నాయనా, నాకూ చెయ్యి బాగుండె. అరవై ఏండ్లు కుట్టినా. బ్యాంకులో వేలిముద్రే ఏస్తాండా. బిడ్డ ఖర్మ నా మాదిరి కావాల్నా?" అన్నది. ఆ తండ్రి జవాబు చెప్పలేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ బడిలో లేదు. అదే ఏడు అదే బల్ల మీద కూర్చొన్న ఇంకొక అమ్మాయి, కుట్టు అంతంత మాత్రం వచ్చిన అమ్మాయి, ఏడో తరగతి చదువుతున్నది. కుట్టు రాని బిడ్డ చదువుతూ, కుట్టు వచ్చిన బిడ్డ మానివేసిందంటే ఆ లెక్కలో మా పాలు ఉంది. దాన్ని దాచుకోము.

డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి పేరు అందరూ ఎరుగుదురు. 1897లో హైదరాబాదులో పుట్టి, జామియా మిల్లియాను నిలబెట్టి, 1967లో భారత రాష్ట్రపతి అయిన మహనీయులు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారా చదువు అనే పథకం ముందుకు తెచ్చినప్పుడు దానికి పాఠ్యప్రణాళిక వ్రాసిన సంఘానికి వారే అధ్యక్షులు. చేతిపనిని అంతగా నమ్మిన ఆయనే ఆ సభలో ఒక హెచ్చరిక కూడా చేశారు. పిల్లల పనితోనే బడి ఖర్చు వెళ్ళాలన్న మాటను మరీ ఒత్తి పట్టుకొంటే, పంతుళ్ళు పేదపిల్లల చేత చాకిరీ చేయించేవాళ్ళుగా మారే ప్రమాదముందని. ట్రైనింగులో ఈ పాఠం చదివి మేము మార్కులు తెచ్చుకొన్నాము. అర్థమయింది మాత్రం ఆ గడప దగ్గర.

ఆనాటి నుంచి రెండు కట్టుబాట్లు పెట్టుకొన్నాము. ఒకటి, పిల్లలు కుట్టిన బొంత అమ్మము. ఒక షాపువారు వచ్చి, దారం మేమే ఇస్తాము, ముక్కకింత ఇస్తాము అన్నారు, వద్దన్నాము. మొదటి బొంత అంగన్‌వాడీలో పసిపిల్లల కింద ఉంది. రెండోది బడిలో ఉంది; జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి దాని మీద పండబెడతాము. రెండు, ఏ బిడ్డ చేతినీ తల్లిదండ్రుల ముందు సంపాదన చెయ్యిగా పొగడము. "చూడండి, మీ బిడ్డ ఎనిమిది కోణాలు ఎంత సరిగా లెక్క కట్టిందో, ఈ బిడ్డ లెక్కల్లో ఎంత దూరమైనా పోతుంది" అంటాము. అదీ నిజమే. నిజాలలో ఏది ముందు చెప్పాలో తెలియడమే పంతులు పని అని ఆలస్యంగా నేర్చుకొన్నాము.

ఇక మన సంఘానికి మూడు మనవులు. మేము కుట్టుమిషన్లు అడగడం లేదు. పాత చీరలు, లుంగీలు ఉతికి ఇవ్వండి, చిరిగినవైనా సరే. మన ఇండ్లలో బొంత కుట్టే దాదీలు, నానీలు, అవ్వలు ఎందరో ఉన్నారు. నెలకొక పూట బడికి పంపండి. వాళ్ళకు కుర్చీ వేసి, టీచరమ్మ అని పిలిపించే పూచీ మాది. మూడోది పెద్దది. మన మొహల్లాలో అయిదో తరగతి పాసైన ఏ ఆడబిడ్డా ఆరుకు పోకుండా ఆగరాదని ఈ సభలో తీర్మానం చేయండి. బస్సు చార్జీ అడ్డమైతే సంఘం భరించాలి. తండ్రి మనసు అడ్డమైతే పెద్దలు నలుగురు కలిసి పోవాలి. పంతులు ఒక్కడు పోతే టీ ఇచ్చి పంపుతారు. నలుగురు పెద్దలు పోతే ఆలోచిస్తారు. మొదట ఎవరింటికి పోవాలో మేము చూపిస్తాము.

ఉర్దూలో 'పైవంద్' అనే మాట ఉంది. బట్టకు వేసే అతుకు పైవంద్. చెట్టుకు కట్టే అంటు కూడా పైవందే. ఒకటి చిరిగినదాన్ని నిలబెడుతుంది. ఒకటి కొత్త కాయ కాయిస్తుంది. మన పిల్లలకు ఇంటి విద్యను, బడి విద్యను కలిపి కట్టే పైవంద్ రెండో రకంది కావాలి.

ఆ బొంత కప్పుకొని వచ్చిన పిల్లవాడు ఇప్పుడు ముందు వరుసలో కూర్చొని ఉన్నాడు. పేరు చెప్పము, సిగ్గుపడతాడు. కాని సిగ్గు బొంతకు కాదు, మేము పొగుడుతామేమోనని. మూడో రోజు వాణ్ణి అవ్వతో పాటు బడికి తెచ్చినప్పుడు, చప్పట్లు కొట్టిన పిల్లలే ఆ బొంత చుట్టూ మూగి, "ఇది ఎవరిది, ఇది ఎవరిది" అని ఒక్కొక్క ముక్కా అడిగారు. వాడు ఒక్కొక్కటే చెప్పాడు. ఎర్రముక్క దగ్గరకు వచ్చి, "ఇది నాది" అన్నాడు.

 అల్లా మన బిడ్డల చేతులకు పనినీ, కళ్ళకు చదువునూ రెండూ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్. జై హింద్.